లియావ్ అక్క ముక్కు, త్సాయ్ అవ్వ అగరొత్తులు

చైనాలోని షాజింగ్‌లో ఎలక్ట్రానిక్ సిగరెట్లు చేసే ఫ్యాక్టరీలు వీధికి నాలుగు. వాటిలో పనిచేసే వాళ్ళకి లియావ్ సుయింగ్ పేరు తెలియకపోవచ్చు గానీ, ఆమె ముక్కు సంగతి తెలియని వాళ్ళు లేరు. బ్యాటరీ లోపలి రసం కారి బయటికి వస్తే తియ్యటి వాసన వస్తుంది, గోళ్ళరంగు తుడిచే మందులాగా. మామూలు చోటయితే దాన్ని ఎవరైనా పసిగడతారు. ఆమె పనిచేసే ఫ్యాక్టరీలో మాత్రం గోడలకి కూడా మామిడిపండు, పుచ్చకాయ, లిచీ వాసన పట్టేసి ఉంటుంది, ఎందుకంటే కింది అంతస్తులో సిగరెట్లలోకి ఆ రుచులే నింపుతారు. అంత పళ్ళ సంతలో చిటికెడు బ్యాటరీ వాసన పట్టుకోవడం సుయింగ్ ఒక్కదానికే చేతనయ్యేది. సరుకు బండిని ఆమె ముందునుంచి తోసుకుపోతుంటే "ఆగు" అనేది. మూడో అర, ఎడమ చివర అని చెప్పేది. తీసి చూస్తే అక్కడ నిజంగానే ఒకటి చెమర్చి ఉండేది.

ఆమెది హునాన్. ఇరవై రెండేళ్ళప్పుడు బొమ్మల ఫ్యాక్టరీలో చేరడానికి ఈ ఊరొచ్చింది. తర్వాత ఛార్జర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా ఒక బ్యాటరీ ముఖం ముందే భగ్గుమంది. కళ్ళు దక్కాయి, కనుబొమ్మలు పోయాయి. అవి మళ్ళీ మొలవలేదు కనక రోజూ పెన్సిల్‌తో గీసుకుంటుంది. పొద్దున్నే తొందరలో గీసుకోవడం వల్ల అవి రోజుకో రకంగా కుదురుతాయి. లైనులో అమ్మాయిలు ఆ కనుబొమ్మల వంపు చూసి అక్క ఇవాళ కోపంగా ఉందో శాంతంగా ఉందో తేల్చుకుంటారు. పాపం వాటికీ ఆమె కోపానికీ ఏ సంబంధమూ లేదు. కోపం ఎప్పుడూ ఒకేలా ఉండేది, అది కూడా బ్యాటరీల మీదే. తొమ్మిదేళ్ళుగా మూడో అంతస్తులోని పరీక్ష గది ఆమె చేతిలో ఉంది, ఆ గది దాటిన సరుకులో ఒక్కటీ ఎవరి జేబులోనూ మండలేదు. ఆ ఒక్క ముక్క చెప్పుకునేటప్పుడు ఆమె కాస్త నిటారుగా నిలబడేది.

ముక్కు కోసం ఆమె చేసిన త్యాగాలు మామూలువి కావు. హునాన్‌లో పుట్టి పొద్దుటి సేమ్యాలో మిరపకాయ వేసుకోకుండా బతకడమంటే అదొక తపస్సు. సెంటు సబ్బు వాడేది కాదు, వెల్లుల్లి ముట్టేది కాదు. గదిలోకి ఎవరొచ్చినా గుమ్మం దగ్గర ఆపి మెడ దగ్గర వాసన చూసేది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు దాన్ని వేరే రకంగా అనుకుని సిగ్గుపడిన సందర్భాలు కూడా ఉన్నాయి.

అలాంటి ముక్కు కిందటి శీతకాలం జ్వరంతో పాటు వెళ్ళిపోయింది. జ్వరం ఐదు రోజుల్లో తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. వారం చూసింది, నెల చూసింది. అల్లం నమిలింది, ముక్కులో ఆవిరి పట్టింది, మందుల కొట్టు ముసలాయన ఇచ్చిన చేదు కషాయం తాగింది, అది చేదు అని కూడా ఆమెకి తెలియలేదు. ఒక రాత్రి మిరపకాయల సీసా మూత తీసి ముక్కు దానిలో పెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి గానీ వాసన రాలేదు. ఆ తర్వాత చాలాసేపు ఉత్తినే ఏడ్చింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. బాస్ మంచివాడే, పొమ్మనడు, కింద అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెడతాడు. ఆమె గదిలోకి ఫ్యాక్టరీ ఇంజినీరు పెంగ్ మనిషి ఎవడో వస్తాడు. అట్టపెట్టెలు మడవడం తప్పు పనేమీ కాదు, కానీ తొమ్మిదేళ్ళు చూసుకున్న గదిని ఇంకొకరికి అప్పగించడం ఆమెకి చావుతో సమానం.

కాబట్టి అక్క దొంగగా మారింది. అందరికంటే అరగంట ముందు వచ్చి, ప్రతి అరలోంచి కొన్ని తీసి, మీటరు పెట్టి చూసేది. ఈ సిగరెట్లలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా, సగం అయినా, రుచిరసాన్ని కాచి పొగ చేసే తీగకి వెళ్ళే వోల్టేజీని అది ఒకే మట్టాన, మూడు పాయింట్ నాలుగు దగ్గర, పట్టి ఉంచాలి. పట్టి ఉంచుతోందా లేదా అని చూసేది. తర్వాత పీల్చే యంత్రానికి తగిలించి వరసగా పది దమ్ములు లాగించి, ఒక్కోదాన్ని చెంపకి ఆనించుకునేది. చేతికి తెలియని వేడి చెంపకి తెలుస్తుంది. చెడ్డది ఏ అరలో ఎక్కడుందో చిన్న పుస్తకంలో రాసుకుని బట్టీ పట్టేది. ఎనిమిదిన్నరకి బండి రాగానే కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు రెండుసార్లు ఎగరేసి, ఐదు అంకెలు లెక్కపెట్టి, "నాలుగో అర" అనేది. అమ్మాయిలు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. బాస్ అయితే కొనుగోలుదార్లని పనిగట్టుకుని తీసుకొచ్చి ఈ వేడుక చూపించేవాడు.

ఈ నాటకం ఎన్నాళ్ళు సాగేదో గానీ, వసంతంలో బాస్ తల్లి వచ్చింది. త్సాయ్ అవ్వకి డెబ్భై ఎనిమిదేళ్ళు. చావ్‌షాన్‌లో ఇంటికి తాళం వేసి కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆర్డర్లు తగ్గాయని విని, చోటు మంచిచెడ్డలు చూసే పెద్దమనిషిని పిలిపించింది. మూడో అంతస్తు మూలలో చోటుని కాపాడే భూదేవుణ్ణి కూర్చోబెట్టాలన్నాడాయన. ఆ మూల ఉన్నది సరిగ్గా పరీక్ష గదిలో. అవ్వ ఎర్రటి చెక్క మందిరం తెప్పించి నేలమీద పెట్టించింది. అగరొత్తులు గుచ్చడానికి గిన్నె ఏదీ కనబడలేదు. పక్కనే ఎర్రటి బకెట్టు, దాని నిండా మెత్తటి పొడి ఇసుక కనిపించాయి. దేవుడే సిద్ధం చేసుకున్నాడనుకుని మూడు వత్తులు వెలిగించి గుచ్చేసింది.

ఆ ఇసుక బ్యాటరీ పొగ కక్కితే పట్టకారుతో తీసి పూడ్చడానికి పెట్టింది.

"అవ్వా, అది మంటలార్పే ఇసుక" అంది సుయింగ్.

"మంటలు రాకుండా చూసేది ఆయన. ఇంక నీకు ఇసుకెందుకు?"

"ఆయనే చూసుకుంటే నాకు జీతమెందుకు ఇస్తున్నారు?"

"అది నా కొడుకునే అడగాలి. నాకూ అర్థం కాలేదు."

"తీసి వేరే గిన్నెలో పెట్టుకోండి."

"ఒకసారి వత్తి వెలిగిన గిన్నెని కదపకూడదు. మీ హునాన్‌లో దేవుళ్ళు లేరా?"

"ఉన్నారు. వాళ్ళు బకెట్లు ఎత్తుకుపోరు. ఈ పొగలో నా ముక్కేం పనిచేస్తుందో చెప్పండి."

"పొగ అమ్ముకుని బతికే ఇంట్లో పొగ వచ్చిందని ఏడుస్తావేంటే" అంది అవ్వ, ఇంకో మూడు వత్తులు వెలిగిస్తూ.

గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మాయిలు అక్క రగిలిపోతోందనుకున్నారు. ఆ రోజు కనుబొమ్మలు కూడా అలాగే కుదిరాయి మరి. లోపల మాత్రం సుయింగ్‌కి అవ్వ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఇంతకంటే మంచి సాకు ఎవరిస్తారు. ఇకనుంచి వాసన తెలియకపోతే తప్పు ముక్కుది కాదు, అగరొత్తులది.

అయితే సాకు నిలవాలంటే గొడవ కూడా నిలవాలి కదా. అందుకని రోజూ ఎనిమిదిన్నరకి ఆమె అవ్వ మీద అరిచేది. అవ్వ తక్కువదేం కాదు, మాటకి రెండు మాటలు అప్పగించేది. నీ ముక్కు అంత గొప్పదయితే విమానాశ్రయంలో కుక్కలకి పాఠాలు చెప్పుకోమంది ఒకరోజు. మీ దేవుడు అంత గొప్పవాడయితే ఆర్డర్లు ఏవని అడిగింది సుయింగ్. కింది అంతస్తు వాళ్ళు కూడా టీ కప్పులు పట్టుకుని మెట్లమీద నిలబడి వినేవాళ్ళు.

ఇసుక విషయంలో మాత్రం సుయింగ్ నాటకమాడలేదు. ముక్కు గురించి అబద్ధమాడగలదు గానీ ఇసుక లేకుండా ఒక్కరోజు కూడా గది నడపలేదు. కొనుగోళ్ళ విభాగానికి చీటీ రాసింది. వాళ్ళు ఫోనులో అన్నిటికంటే చవగ్గా దొరికిన ఇసుక తెప్పించారు. సంచి విప్పితే అది పిల్లులు దొడ్డికి కూర్చునే ఇసుక. అదీ సోయా పిప్పితో చేసింది, నిప్పు తగిలితే బ్యాటరీ కంటే ముందు అదే అంటుకుంటుంది. చివరికి ఆమే ఎదురువీధిలో మేడ కడుతున్న మేస్త్రీని బతిమాలి రెండు బకెట్ల ఇసుక మోసుకొచ్చి ఎండబెట్టుకుంది.

అలా మూడు నెలలు సుఖంగా గడిచాయి. ఒక గురువారం కొత్త సరుకు పరీక్షకి వచ్చింది. డొంగ్వాన్ కంపెనీ మనిషి ఓయాంగ్ పెద్ద ఆర్డరిచ్చాడు, పొగ మాత్రం దట్టంగా రావాలన్నాడు. సరుకు తీసుకుపోయే లారీ మూడింటికి వస్తుంది. సుయింగ్ పొద్దున్నే మీటరు పెట్టింది. మూడు పాయింట్ నాలుగు ఉండాల్సిన చోట నాలుగు పాయింట్ ఒకటి చూపించింది. ఇంకోటి తీసింది, అదీ అంతే. పది దమ్ములు లాగించి చెంపకి ఆనించుకుంటే చురుక్కుమంది. థర్మామీటరు పెడితే ఐదో అరలోది డెబ్భై ఒక్క డిగ్రీలు. ఫ్యాక్టరీ నియమం ప్రకారం అరవై దాటకూడదు.

తిన్నగా పెంగ్ ఇంజినీరు దగ్గరికి వెళ్ళింది. పెంగ్‌కి ముప్ఫై ఏళ్ళు, కళ్ళజోడు, ఓపిక తక్కువ.

"చిప్పు ఏది?" అని అడిగింది.

"తీసేశాను అక్కా. బ్యాటరీ నుంచి తిన్నగా తీగకి. వాళ్ళకి దట్టమైన పొగ కావాలి, ఇదే దారి."

"నిండా ఛార్జి ఉన్నప్పుడు కాలిపోతోంది."

"అర మొత్తం సగటు తీస్తే యాభై నాలుగే వస్తోంది. నేను లెక్క కట్టాను."

"సగటు మనిషని ఎవరూ ఉండరయ్యా. ఒక్కొక్కళ్ళే నోట్లో పెట్టుకుంటారు."

"నువ్వు వాసన చూసే మనిషివి అక్కా, చూసి చెప్పు. అంకెలు నాకొదిలెయ్" అని పెంగ్ కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఆరు నెలలుగా ఆమె చూస్తున్నది అంకెలే, కానీ ఆ సంగతి పైకి అనే వీల్లేదు.

రెండింటికి బాస్ వచ్చాడు, వెంట ఓయాంగ్, పెంగ్. కింది నుంచి వస్తున్న సుయింగ్ తలుపు దగ్గరే ఆగిపోయింది. గదిలో పొగ లేదు. కిటికీలు తెరిచి ఉన్నాయి. భూదేవుడి మందిరం ముందు బకెట్టు ఉంది గానీ వత్తులు ఆర్పేసి ఉన్నాయి. అవ్వ ఒక స్టూలు మీద మూతి ముడుచుకుని కూర్చుంది.

"నీ కోసమే అక్కా" అన్నాడు బాస్ సంబరంగా. "పొద్దున్నించి అమ్మని బతిమాలితే ఒప్పుకుంది. మూడు నెలలుగా మొత్తుకుంటున్నావు కదా, ఇవాళ నీ మాటే నెగ్గింది. ఓయాంగ్ గారు నీ ముక్కు గురించి విని వచ్చారు. ఊఁ, చూడు, చూసి ముద్ర వెయ్యి."

గెలవడమంటే ఇంత దరిద్రంగా ఉంటుందని సుయింగ్‌కి అంతకుముందు తెలియదు. బండి ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. ఆమె ముద్ర పడితే సరుకు పోతుంది. పోతే అది ఎవడి మూతి దగ్గరో, ఎవడి జేబులోనో. వేడెక్కుతోందని చెబితే పెంగ్ సగటు తీస్తాడు. అదే వాసన వస్తోందని చెబితే అందరూ నమ్ముతారు. నిజం చెబితే నమ్మరు, అబద్ధమాడితే నమ్ముతారు. ముక్కుపుటాలు ఎగరేసి, ఐదు లెక్కపెట్టింది.

"ఐదో అర" అంది. "రసం ఊరుతోంది. సరుకు పంపకూడదు."

ఓయాంగ్ ఆశ్చర్యపోయి చేతులు కట్టుకున్నాడు. బాస్ ముఖం వాడిపోయింది. పెంగ్ మాత్రం కదిలాడు. ఐదో అర లాగి, ఒక్కోటీ విప్పి, తెల్ల కాగితం మీద పరిచాడు. కాగితం పొడిగా ఉంది. బ్యాటరీలు పొడిగా ఉన్నాయి. రసం ఊరడమనేది ఎక్కడా లేదు, ఎందుకంటే తప్పు రసంలో లేదు, చిప్పు లేకపోవడంలో ఉంది.

"ఎక్కడుందక్కా?" అన్నాడు పెంగ్.

సుయింగ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె జేబులోంచి చిన్న పుస్తకం తీసి బల్లమీద పెట్టింది.

"నాకు వాసన తెలియదు. పోయిన శీతకాలం జ్వరంలో పోయింది. అప్పట్నించి చూపించినవన్నీ మీటరుతో చూసి చెప్పినవే. ఇందులో ఉన్నాయి. ఇవాళ పొద్దున్నవి కూడా ఉన్నాయి. డెబ్భై ఒకటి, అరవై ఎనిమిది, డెబ్భై."

బాస్ పుస్తకం వైపు, ఆమె ముక్కు వైపు మార్చి మార్చి చూశాడు.

"ముక్కు లేదంటున్న మనిషి మాట మీద ఇంత ఆర్డరు ఆపుతామా బాస్?" అన్నాడు పెంగ్. "ముద్ర వెయ్యమనండి, లారీ వచ్చేసింది."

సుయింగ్ ఒక సిగరెట్ తీసి చూసింది. నిండా ఛార్జి ఉంది. పెంగ్ ముందు పెట్టింది.

"నువ్వు చేసిందేగా. వరసగా పది దమ్ములు లాగు. లాగిన వెంటనే ముద్ర వేస్తాను."

పెంగ్ కళ్ళజోడు సవరించుకున్నాడు. "నాకు పొగ అలవాటు లేదు."

"ఓయాంగ్ గారూ?"

"మేం అమ్ముతామంతే" అన్నాడు ఓయాంగ్.

బాస్ అడక్కముందే దగ్గాడు. "డాక్టరు వద్దన్నాడు."

సిగరెట్ బల్లమీద అలాగే ఉంది. స్టూలు మీంచి అవ్వ లేచింది.

"ఇంతమంది మగాళ్ళున్నారు, ఇంత గొట్టాన్ని చూసి భయమేంట్రా" అంది. "ఇటివ్వండి. పెళ్ళయిన రోజు నుంచి నీళ్ళ గొట్టంలో పొగాకు పీల్చినదాన్ని. నా కొడుకు ఫ్యాక్టరీలో చేసింది నా నోటికి పనికిరాదా?"

తీసి మూతి దగ్గర పెట్టుకుంది. మూతికి ఇంకా ఆనలేదు, బాస్ ఒక్క గంతులో వచ్చి ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు.

"వద్దమ్మా."

"ఏం?"

"వద్దంటున్నానా."

"ఎందుకురా? చెప్పు."

బాస్ చేతిలో ఉన్నదాన్ని చూసుకున్నాడు, తల్లి పెదాలు చూశాడు. మూడో అంతస్తు దాటి వెళ్ళే ప్రతిదీ ఎవరి తల్లి నోటికో కాకపోయినా ఎవరి కొడుకు నోటికో చేరుతుందని అప్పుడే తట్టినట్టుంది, ముఖం నల్లబడిపోయింది. ఓయాంగ్ తన సంచీ జిప్పు లాగేశాడు.

"పెంగ్, పాత చిప్పులు పెట్టించు" అన్నాడు బాస్. "లారీని ఖాళీగా పంపెయ్. ఓయాంగ్ గారూ, పొగ కొంచెం పలచగా వస్తుంది. కావాలంటే తీసుకోండి, లేకపోతే మానెయ్యండి."

ఓయాంగ్ పది రోజుల గడువిచ్చి వెళ్ళాడు. బాస్ సుయింగ్ పుస్తకం తిరగేస్తూ నిలబడ్డాడు.

"శీతకాలం నుంచి ఎన్ని పట్టుకున్నావు?"

"నూట పన్నెండు."

"ముక్కు ఉన్నప్పుడు?"

"ఇన్ని నెలలకి ఇందులో సగం కూడా ఉండవు."

"నాకు ముందే చెప్పాల్సింది" అన్నాడు. పుస్తకం తిరిగి ఇచ్చేశాడు, అట్టపెట్టెల మాట ఎత్తలేదు. గుమ్మం దాకా వెళ్ళి, కొనుగోలుదార్లకి చూపించడానికి ఇక ఏమీ లేకుండా పోయిందని మాత్రం దిగులుగా అన్నాడు.

ఆరింటికి గేటు దగ్గర అవ్వ సుయింగ్ కోసం నిలబడి ఉంది. ఇద్దరూ ఆల్చిప్పల గంజి అమ్మే కొట్టు దాకా నడిచారు.

"క్షమించండి అవ్వా. నా ముక్కు దాచుకోవడానికి మిమ్మల్ని మూడు నెలలు తిట్టాను."

"నాకు మొదటి వారమే తెలుసు."

"ఏం తెలుసు?"

"ముక్కు లేదని. ఉప్పుచేపల జాడీ మూత తీసి నీ భుజం మీదుగా పట్టుకున్నాను. దేవుడు కూడా ముఖం తిప్పుకునుంటాడు, నువ్వు మాత్రం మీటరు చూసుకుంటూ కూర్చున్నావు. అందుకే మర్నాటి నుంచి మూడు వత్తుల బదులు తొమ్మిది వెలిగించాను."

సుయింగ్ ఆగిపోయింది. "మరి మీ అబ్బాయికి చెప్పలేదేం?"

అవ్వ కొట్టు ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో మెల్లగా కూర్చుంది.

"నా కొడుకింట్లో నన్నెవరూ ఒక్కమాట అనరే. కోడలు సూపు గిన్నె పెట్టి తలుపేసుకుంటుంది. మనవడు ఫోను చూసుకుంటూ తిన్నావా అవ్వా అంటాడు, జవాబు వినడు. నన్ను ఆ మందిరంలో దేవుడిలా కూర్చోబెట్టారు. ఈ ఊళ్ళో నాతో మాటకి మాట అన్నదానివి నువ్వొక్కదానివే. చెప్పేస్తే నిన్ను కిందకి పంపించేవాళ్ళు. పొద్దున్నే నేనెవరితో పోట్లాడను?"

గంజి గిన్నెలు వచ్చాయి. ఇద్దరూ కాసేపు ఊదుకుంటూ తిన్నారు.

"ఇప్పుడు దాచాల్సింది ఏమీ లేదుగా" అంది అవ్వ గిన్నెలోకి చూస్తూ. "రేపట్నించి నువ్వు అరవక్కర్లేదు."

మర్నాడు ఎనిమిదిన్నరకి, అవ్వ మూడే మూడు వత్తులు వెలిగించి, ఒక్కతే వంగి బకెట్టులో గుచ్చుతుండగా సుయింగ్ గుమ్మం దగ్గర నిలబడి, "మళ్ళీ మొదలెట్టారా? ఇది ఫ్యాక్టరీయా గుడా? ఆ బూడిదంతా ఎవరు ఊడుస్తారు?" అని గొంతు చించుకుంది. అవ్వ లేవడానికి కొంచెం టైము పట్టింది. కళ్ళు తుడుచుకుని, చీపురు ఎక్కడుందో ఆ గుడ్డి కళ్ళకి కనబడటం లేదా అని మొదలుపెట్టింది. మెట్లమీద టీ కప్పులతో జనం అప్పుడే చేరిపోయారు.